అద్దె రాని పోర్షన్, ఎర్తింగ్ లేని గీజరు: నా అనుభవం

బాత్రూమ్‌లో నల్లా పట్టుకుంటే షాక్ కొడుతోందని పై పోర్షన్‌లో ఉండే అమ్మాయి నాకు మొదటిసారి చెప్పింది 2025 జనవరి మొదటి వారంలో. అప్పటికి వాళ్లు రెండు నెలల అద్దె బాకీ ఉన్నారు. "అక్కా, చిన్నగా జిల్లుమంటుంది, పిల్లలు భయపడుతున్నరు" అంది. "ముందు అద్దె సంగతి చూడమ్మా, తర్వాత నల్లా సంగతి చూద్దాం" అన్నాను. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది.

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాని తర్వాత ఏం జరిగిందో, ఎలా సరిచేసుకున్నానో, అద్దె బాకీ చివరికి ఎలా తేలిందో ఇక్కడ రాస్తున్నాను. ఒకటో రెండో పోర్షన్లు అద్దెకిచ్చుకునే నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదివి తమ ఇంటి ఎర్తింగ్ చూపించుకుంటే చాలు.

మా ఇల్లు హైదరాబాద్‌లో, వనస్థలిపురంలో. నాన్న 1998లో కింద ఇల్లు కట్టారు, 2006లో లోన్ తీసుకుని పైన రెండు పోర్షన్లు వేశారు. 2023లో ఆయన పోయాక అమ్మ ఒక్కతే ఉండలేదని మేం వచ్చి కింద ఉంటున్నాం. నేను టీచర్ని. అద్దెల వ్యవహారం నాన్న ఉన్నన్నాళ్లూ నాకు పట్టేది కాదు. ఐదో తారీఖు లోపల ఫోన్‌పేలో డబ్బు పడిందా లేదా చూసుకోవడం, మోటరు చెడిపోతే మెకానిక్‌ని పిలవడం, ఇంటి పన్ను కట్టడం, అంతేననుకున్నాను.

ఈ కుటుంబం 2022లో, నాన్న ఉండగానే వచ్చింది. సూర్యాపేట వైపు వాళ్లు. అతను సొంత కారు ట్రావెల్స్‌లో పెట్టి నడిపేవాడు, ఆ అమ్మాయి ఇంట్లో మిషన్ కుట్టేది. తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప. అద్దె 11,500, అడ్వాన్స్ రెండు నెలలది, 23,000. రెండేళ్లు ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. పిల్లలు మా అమ్మను అమ్మమ్మా అనే పిలిచేవారు. 2024 అక్టోబరులో కిస్తీలు కట్టలేదని ఫైనాన్స్ వాళ్లు కారు పట్టుకెళ్లారు. నవంబరు నుంచి అద్దె రాలేదు. అడిగితే "వచ్చే వారం మేడం" అనేవాడు. డిసెంబరు మధ్యకు వచ్చేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. నేను పైకి వెళ్తే ఆ అమ్మాయే తలుపు తీసేది, ఆయన ఇంట్లో లేడనేది. లోపల చెప్పులు కనిపిస్తూనే ఉండేవి.

నాకు నిజంగా కోపం వచ్చింది. అమ్మ మందులకు, ఇంటి లోన్‌లో మిగిలిన కిస్తీకి ఆ డబ్బే ఆధారం. చుట్టాలు, పక్కింటివాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఫ్యూజు పీకెయ్యమని ఒకరు. నీళ్ల వాల్వు కట్టేస్తే వారంలో వాళ్లే పోతారని ఇంకొకరు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాళం మార్చేయమని మా దగ్గరి బంధువే చెప్పాడు. పోలీస్ స్టేషన్‌కి వెళ్లి అడిగితే "ఇది సివిల్ మ్యాటర్ మేడం, కోర్టులో చూసుకోవాలి" అన్నారు. ఇంటికొచ్చి వాల్వు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పైన మిషన్ చప్పుడు వినిపిస్తోంది. కట్టేయలేకపోయాను. కానీ మనసులో మాత్రం, వీళ్లకు నేను ఇక ఏమీ చేయనక్కర్లేదని తీర్మానించుకున్నాను. నల్లా గురించి ఆ జవాబు అక్కడి నుంచే వచ్చింది.

జనవరి చివరి ఆదివారం పొద్దున బాబు స్నానానికి వెళ్లాడు. గీజరు ఆన్‌లోనే ఉంది. తడి చేత్తో స్టీలు నల్లా తిప్పాడు. చెయ్యి అతుక్కుపోయింది. వాళ్లమ్మ అరుపు విని పక్క పోర్షన్ అబ్బాయి పరిగెత్తుకెళ్లి, పిల్లవాణ్ని ముట్టుకోకుండా ముందు బోర్డు దగ్గర మెయిన్ ఆఫ్ చేశాడు. ఆ అబ్బాయికి ఆ ఆలోచన రాకపోతే తల్లి కూడా పట్టుకుని ఉండేది. నేను వెళ్లేసరికి బాబు నేల మీద ఉన్నాడు, కళ్లు తేలేసి. కొన్ని క్షణాలకు ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకే నాకు ఊపిరి ఆడింది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అరచేతిలో కాలిన మచ్చ. ఈసీజీ తీశారు, గుండె కొట్టుకోవడం ఎలా ఉందో చూడాలని ఒక రాత్రి ఉంచుకున్నారు. మర్నాడు ఇంటికి పంపించారు. బిల్లు నేనే కట్టాను. ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద బాబు తండ్రి నా పక్కనే కూర్చున్నాడు. నెలన్నరగా నాకు కనపడకుండా తప్పించుకున్న మనిషి. అద్దె గురించి అతనూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. చెప్పాల్సింది నాకే ఉంది. "నల్లా గురించి మీ ఆవిడ నాకు ముందే చెప్పింది. నేను పట్టించుకోలేదు. తప్పు నాది" అన్నాను. అతను తల వంచుకుని "పిల్లగాడు బతికిండు మేడం, చాలు" అన్నాడు.

సోమవారం సెలవు పెట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. పెద్దాయన, ఈ పనిలో ముప్పై ఏళ్లున్నవాడు. ఆయన చేసినవన్నీ పక్కన నిలబడి చూశాను కాబట్టి వివరంగా రాస్తాను. ముందు గీజరు విప్పాడు. లోపల నీళ్లు కాచే ఎలిమెంట్ పైపొర పగిలి ఉంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని అలా పగులుతుందట. పగిలిన చోటి నుంచి కరెంటు నీళ్లలోకి వస్తుంది. పైపులు ప్లాస్టిక్‌వే కదా అన్నాను. పైపు ప్లాస్టిక్ అయితే ఏంటి, లోపలి నీళ్ల వెంట వచ్చి స్టీలు నల్లాకు తగులుతుందన్నాడు. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది. మా ఇంట్లో పోలేదు. ఎందుకు పోలేదో చూడటానికి హోల్డరుకు రెండు వైర్లు కట్టిన బల్బు తీశాడు. ఫేజుకు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్‌కు (అది తిరిగి పోయే తీగ) పెడితే వెలిగింది. ఫేజుకు, ఎర్తింగ్‌కు పెడితే వెలగలేదు. కింద మా బోర్డులో పెట్టినా వెలగలేదు. అంటే ఇల్లు మొత్తానికి ఎర్తింగ్ లేదు.

ఎర్తింగ్ గుంత ఎక్కడుందని అడిగాడు. నాకు తెలియదు. అమ్మ వచ్చి గేటు పక్కన సిమెంటు నేల చూపించింది. 2015లో నాన్న ఇంటి ముందు స్థలమంతా గచ్చు చేయించారు. గుంత దాని కింద కప్పబడిపోయింది. పగలగొట్టి చూస్తే గొట్టానికి బిగించిన తీగ తుప్పుపట్టి విడిపోయి ఉంది. అంటే మూడు పిన్నుల ప్లగ్గులన్నీ పేరుకే మూడు పిన్నులు.

కొత్త గుంత తవ్వి, గొట్టం దించి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైన చిన్న గదిలా కట్టి మూత పెట్టారు. ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తూ ఉండాలి. ఆ తర్వాత ఒక్కో పోర్షన్ బోర్డులో ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టాడు. ఎంసీబీ ఉంది కదా అని నేను అడిగిన ప్రశ్నే చాలామందికి వస్తుందట. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, లోడు ఎక్కువైనా షార్టయినా పడిపోతుంది, అంటే దానంతటదే ఆఫ్ అవుతుంది. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దానికి లెక్కలోకి రాదు. ఆర్‌సీసీబీ పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కట్టయిపోతుంది. ఇళ్లకు ఆ 30 రకమే పెట్టాలి.

పెట్టగానే పై పోర్షన్లలో అది నిలవలేదు. ఆన్ చేసిన ప్రతిసారీ పడిపోయింది. వస్తువు చెడ్డదేమో అనుకున్నాను. అసలు సంగతేమిటంటే 2006లో రెండు పోర్షన్లకు వైరింగ్ చేసినవాళ్లు ఎక్కడో న్యూట్రల్ కలిపేశారు. ఒకరింటి కరెంటు ఇంకొకరి తీగలోంచి తిరిగొస్తుంటే ఆర్‌సీసీబీ ఊరుకోదు. ఆ కలిసిన చోటు వెతికి విడదీయడానికి రెండు రోజులు పట్టింది. ఇలా పడిపోతుంటే చాలామంది దాన్ని తీసి పక్కన పడేస్తారని ఆయన చెప్పాడు. దయచేసి అలా చేయకండి. అది పడిపోతోందంటే మీ వైరింగ్‌లోనో కరెంటు వస్తువుల్లోనో ఏదో తప్పుందన్నమాట. కొత్త గీజరుతో కలిపి మొత్తం 31,000 దాటింది. ఆ నెల లోన్ కిస్తీకి బంగారం పెట్టాను.

అదే వారం ఇల్లంతా కొత్త కళ్లతో తిరిగి చూశాను. సంపు మీద రేకు మూత అంచులు తుప్పుపట్టి వంగి ఉన్నాయి, పిల్లలు దాని మీదే గెంతుతూ ఆడేవారు. ఇనుప మూత చేయించి తాళం వేయించాను. డాబా మీద పిట్టగోడ ఒకవైపు నా నడుము కంటే కిందికి ఉంది, దాని మీద గ్రిల్ పెట్టించాను. ఇవన్నీ ఏళ్ల తరబడి రోజూ నా కళ్ల ముందే ఉన్నాయి.

ఇక అద్దె సంగతి. తెలిసిన టీచరుగారి తమ్ముడు ఎల్బీనగర్ కోర్టుల్లో లాయరు. ఆయన దగ్గరికి వెళ్లి రెండూ చెప్పాను, బాకీ సంగతీ షాక్ సంగతీ. ఆయన ముందు రెండోదే పట్టుకున్నారు. "బాబుకు ఏమైనా అయి ఉంటే ఏమయ్యేదో తెలుసా అమ్మా? భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్, నిర్లక్ష్యం వల్ల మరణం. ఐదేళ్ల వరకు శిక్ష వేయొచ్చు. నష్టపరిహారం దావా వేరే. వాళ్లు అద్దె కట్టలేదన్న మాట అక్కడ నిలబడదు" అన్నారు. తర్వాత ఆస్తి బదిలీ చట్టం, 1882 నాటిది, తీసి 108వ సెక్షన్ చదివి వినిపించారు. అద్దెకిచ్చేవాడికి తెలిసి, తీసుకునేవాడికి మామూలుగా చూస్తే కనపడని లోపం ఏదైనా ఉంటే చెప్పి తీరాలని అందులో మొదటే ఉంది. ఓనరు చేయాల్సిన రిపేరు చెప్పినా చేయకపోతే కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలోంచి పట్టుకోవచ్చని కూడా ఉంది. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలిసి ఉంటే, నేను పట్టించుకోనప్పుడు నా కోసం ఆగాల్సిన పనే ఉండేది కాదు.

నాన్న మూడేళ్లకు వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాశారు, రిజిస్టర్ చేయించలేదు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కాకపోతే ఆ గడువు చెల్లదు, నెలనెలా అద్దె ఇస్తూ పుచ్చుకుంటూ ఉన్నందుకు నెలవారీ అద్దెగానే చూస్తారట. అందరూ పదకొండు నెలలకు రాసుకునేది అందుకే. రెంట్ కంట్రోల్ కోర్టుకు వెళ్లాలా అని అడిగాను. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు, మామూలు సివిల్ కోర్టే దిక్కన్నారు. కరెంటు, నీళ్లు కట్ చేయడం, తాళాలు మార్చడం గురించి అడిగితే ముఖం చిట్లించారు. అలా బయటికి పంపితే ఆరు నెలల్లోపు దావా వేసి, ఎవరి ఇల్లు అన్న ప్రశ్నే లేకుండా మళ్లీ లోపలికి రావొచ్చట, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం. వాల్వు దగ్గర ఆ రోజు నా చెయ్యి ఆగినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

"నీకు అద్దె కావాలా, ఇల్లు కావాలా?" అని అడిగారు చివరికి. అతను కట్టగలిగితే వాళ్లను ఉండనివ్వాలనే నాకుంది. కానీ కట్టలేడని అతనికీ నాకూ తెలుసు. ఇల్లే కావాలన్నాను.

ఫిబ్రవరి 10న పదిహేను రోజుల నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. నోటీసు వస్తుందని ముందే పైకి వెళ్లి చెప్పాను. పోస్ట్‌మన్ చేతిలో ఆ కవరు చూసి ఆ పిల్లలు బెదిరిపోకూడదనిపించింది. ఆ అమ్మాయి ఏడ్చింది. "బాబు పరీక్షలు అయిపోయేదాకా కదలమనను" అని మాటిచ్చాను.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది అక్కడే దెబ్బతింటారు. మార్చి 7న అతను నాకు 8,000 పంపాడు. అప్పటికి అతనికి స్కూలు బస్సు డ్రైవరుగా పని దొరికింది. నేను సంతోషించాను. లాయరుగారు మాత్రం వెంటనే వాట్సాప్ పెట్టమన్నారు: ఇది నవంబరు బాకీలో జమ చేసుకున్నాను అని. నోటీసు గడువు తీరాక పడిన అద్దెను అద్దెగానే తీసుకుంటే నోటీసు వదులుకున్నట్టు లెక్క వేసే వీలుందట. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది.

దావాకు బదులు ఎల్బీనగర్‌లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ పిటిషన్, అంటే దావా వేయకముందే రాజీ కోసం అర్జీ, పెట్టాం. కోర్టు ఫీజు లేదు. తెల్ల కాగితం మీద విషయం రాసి, అగ్రిమెంటు, నోటీసు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జిరాక్సులు జతచేశాం. వాళ్లే అతనికి నోటీసు పంపి పిలిపించారు. మొదటిసారి రాలేదు. రెండోసారి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఒక బల్లకు ఇటు నేను, అటు వాళ్లు కూర్చున్నాం. లెక్క కాగితం మీద వేశారు. నవంబరు నుంచి మార్చి వరకు 57,500, అందులో ఇచ్చింది 8,000. ఏప్రిల్, మే సగం కలిపితే బాకీ 66,750. అడ్వాన్స్ పోను 43,750. జనవరి అద్దె నేను వద్దన్నాను. గీజరు అలా ఉన్న నెలకు అద్దె అడిగే మొహం నాకు లేదు. ఆ మాట అక్కడే చెప్పాను. మిగిలింది 32,250. మే 15కు ఖాళీ చేసేలా, ఆ రోజు 12,250 ఇచ్చేలా, మిగతా 20,000 నెలకు 4,000 చొప్పున ఐదు కంతుల్లో కట్టేలా రాసుకున్నాం. లోక్ అదాలత్‌లో ఆ రాజీ మీద అవార్డు, అంటే తీర్పు, ఇచ్చారు. అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

మే 14 సాయంత్రమే సామాను ఎక్కించారు. వెళ్లేముందు కరెంటు సర్వీస్ నంబరు మీద బాకీ ఏమైనా ఉందా చూసుకున్నాను. మీటరు నాన్న పేరుతోనే ఉంది, మిగిలిపోతే కట్టాల్సింది మేమే. గృహజ్యోతి (ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) జీరో బిల్లుకు వాళ్ల రేషన్ కార్డు ఆ మీటరుకు కలిపి ఉంది, అది మార్పించుకోమని చెప్పాను. పాప అమ్మమ్మను వదల్లేదు, ఎత్తుకుని తీసుకెళ్లాల్సి వచ్చింది.

జూన్‌లో కొత్తవాళ్లు వచ్చారు. ఈసారి పదకొండు నెలల అగ్రిమెంటు, ఆధార్, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే కిరాయిదారుల ఫారం అన్నీ ముందే అయ్యాయి. రిపేర్లు ఏవి ఎవరివో అందులో రాసుకున్నాం. కరెంటు, గీజరు, సంపు, పిట్టగోడ నావి, అద్దె బాకీ ఉన్నా సరే అని ఒక వాక్యం నేనే చేర్పించాను. లాయరుగారు ఆ వాక్యం అవసరం లేదన్నారు. ఉండనివ్వండి అన్నాను. ఇంటి ఇన్సూరెన్స్ కూడా అడిగి తెలుసుకున్నాను. భారత్ గృహ రక్ష లాంటి పాలసీ ఇంటికీ సామానుకే. మన ఇంట్లో వేరేవాళ్లకు దెబ్బ తగిలితే దానికి లయబిలిటీ కవర్ విడిగా అడిగి తీసుకోవాలి. ప్రతి నెలా ఒకటిన ఆర్‌సీసీబీ మీద టెస్టు బటన్ నొక్కి చూస్తాను. కొత్తవాళ్లకూ నొక్కడం నేర్పాను.

పోయిన నెల పాత అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు హయత్‌నగర్‌లో ఉంటున్నారు. "అక్కా, ఫోటో పంపిన, ఈ ఇంట్ల అది ఉందా లేదా జర చూడు" అంది. కరెంటు బోర్డు ఫోటో. పెద్దది చేసి చూశాను. ఎంసీబీలే ఉన్నాయి. ఓనరుతో ఎలా చెప్పాలో చెప్పి, మా ఎలక్ట్రీషియన్ నంబరు పంపాను. బాబు చేతి మచ్చ పోయిందా అని అడిగితే కొంచెం ఉందంది. నాలుగో కంతు ఇంకా రాలేదు. ఆ ఫోన్‌లో దాని గురించి నేను ఎత్తలేదు.